ఎల్లోస్టోన్ లేక్‌లో గాలం వేయాలంటే ఏమేం కావాలి?

డెన్వర్_నాన్న: జులై రెండో వారంలో పిల్లలు (9, 14 ఏళ్లు), గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్తున్నాం. చెరువు ఒడ్డునున్న గ్రాంట్ విలేజ్ క్యాంపులో టెంటు బుక్ అయింది. గట్టు మీది నుంచే గాలం వేస్తాం. గాలి నింపే కయాక్ (చిన్న తెడ్డు పడవ) కూడా తెస్తున్నాం. వ్యోమింగ్ రాష్ట్రం ఇచ్చే ఫిషింగ్ లైసెన్సు చాలా? దొరికిన చేప పులుసు పెట్టుకోవచ్చా?

గట్టుమీద: వ్యోమింగ్ లైసెన్సు ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపల చెల్లదండీ. పార్కు సొంత ఫిషింగ్ పర్మిట్ తీసుకోవాలి. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా ఉండాలి, గాలం పట్టుకుంటే మీ నాన్నగారికి కూడా. పిల్లలిద్దరూ మీ పర్మిట్ కింద మీ పక్కనే ఉండి వేయొచ్చు.

వానపాములు, పిండి ముద్దలు, వాసన పూసిన రబ్బరు ఎరలు ఏవీ కుదరవు. లూర్లే (వాసన లేని కృత్రిమ ఎరలే) వాడాలి. సీసం గుళ్లు నిషేధం, స్టీలువో టంగ్‌స్టన్‌వో కొనండి. కొక్కెం మొనకు వెనక ఉండే చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయాలి. తర్వాత పాత నూలుగుడ్డకు గుచ్చి లాగండి. దారం పట్టుకుంటే ముల్లు ఇంకా ఉన్నట్టే. మూడు కొక్కేల లూర్ అయితే మూడూ చూడాలి. ఈ పని ఇంట్లోనే చేసుకోండి, గాలిలో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు కుదరదు.

ట్రౌట్_పిచ్చి: పులుసు సంగతికొస్తే, ముందు చేపను గుర్తుపట్టాలి. ఈ ఒక్క చెరువులో రెండు చేపలకు రెండు పూర్తి వ్యతిరేక నియమాలు. కింది దవడ కింద ఎర్రటి గీత, తోక వైపు ఒత్తుగా నల్ల చుక్కలు ఉంటే కట్‌థ్రోట్ ట్రౌట్. అది ఇక్కడి సొంత చేప, వదిలేయాల్సిందే. చేతులు తడుపుకుని, నీళ్లలోంచి ఎత్తకుండా కొక్కెం తీయండి, మొప్పల్లో వేలు పెట్టొద్దు. ముదురు ఒంటి మీద తెల్లటి చుక్కలు, లోతుగా చీలిన తోక ఉంటే లేక్ ట్రౌట్. దాన్ని తిరిగి వదలకూడదు, చంపాల్సిందే.

1994లో ఇక్కడ బయటపడిన ఈ లేక్ ట్రౌట్ కట్‌థ్రోట్‌ను తినేస్తుంది. కట్‌థ్రోట్ గుడ్లు పెట్టడానికి పిల్లకాలువల్లోకి ఎగబాకుతుంది కాబట్టి ఎలుగులకూ నీటికుక్కలకూ అందేది. లేక్ ట్రౌట్ చెరువులోనే గుడ్లు పెట్టి, లోతులో ఉండిపోతుంది. అంటే ఒక చేప తగ్గితే గట్టు మీది జంతువుల తిండి కూడా తగ్గినట్టే. అందుకే ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

లేక్ ట్రౌట్‌కు కొవ్వెక్కువ, పులుసుకు బాగుంటుంది. కానీ జులైలో అది లోతుకు దిగిపోతుంది, గట్టు నుంచి పడేది ఎక్కువగా కట్‌థ్రోటే. పులుసు మీద ఆశ పెట్టుకోకండి.

డెన్వర్_నాన్న: మరి కయాక్?

గట్టుమీద: గాలిదైనా సరే, బోట్ పర్మిట్, నీటి జీవుల తనిఖీ తప్పవు. బయటి చెరువుల గవ్వలు అంటుకుని రాకూడదని. మడతల్లో చుక్క నీరు లేకుండా ఆరబెట్టి తీసుకెళ్లండి. తెల్లవారి దిగి మధ్యాహ్నానికల్లా ఒడ్డుకు రండి. ఆ తర్వాత గాలి లేస్తుంది. నీళ్లు ఎంత చల్లనంటే పడ్డవాళ్లు అరగంట కూడా తట్టుకోలేరు. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, ఒడ్డు వదిలి పోవద్దు.

నీళ్లలో దిగే బూట్లకు ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) అడుగు ఉండకూడదు, రబ్బరుదే. ఎలుగుకు 100 గజాల దూరం పాటించండి, బేర్ స్ప్రే (ఎలుగును తరిమే స్ప్రే) బ్యాగులో కాదు, నడుముకు ఉండాలి. లేక్ ట్రౌట్ పడితే గట్టు మీద పేగులు వదలొద్దు: చేప లోపలి గాలితిత్తికి చిల్లు పెట్టి, అదే చెరువులో లోతైన చోట వేయండి. చేప వాసన అంటిన బట్టలు టెంటులో పెట్టుకోకుండా కారులో పెట్టి తాళం వేయండి.

ట్రౌట్_పిచ్చి: ఇంకొకటి. అక్కడ ఎత్తు 7,733 అడుగులు. పెద్దవాళ్లకు మొదటి రోజు తలనొప్పి రావచ్చు. ఆ రోజు నడిపించకుండా నీళ్లు ఎక్కువ తాగించండి.