"అనిసొన్"లో గకారం ఏమైంది?

మా మేనకోడలు ఫోన్‌లో ఒక పాటల లిస్టు చూపించి "ఇవన్నీ అనిసొన్‌లు మావయ్యా" అంది. జపాన్ యానిమేల్లో వచ్చే పాటలట. "సాంగ్ అయితే చివర గ్ ఉండాలి కదమ్మా" అన్నాను. "వాళ్లు అలాగే అంటారు" అని హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంది. ఎందుకంటారో వెతుక్కుంటూ పోతే చివరికి మన ఛందస్సు దగ్గర తేలాను.

సాంగ్ జపాన్ వెళ్లి "సొ-న్-గు" అయింది. వాళ్లూ మాటను మనలాగే మాత్రల్లోనే (మాత్ర అంటే పలికే కాలానికి కొలత) కొలుస్తారు, నకారపొల్లుకి విడిగా ఒక మాత్ర. రెండు పొడుగు మాటల్ని కుదించాలంటే ఒక్కోదాంట్లో ముందు రెండు మాత్రలు తీసి అతికించడం వాళ్లకు బాగా అలవాటు. అనిమేలోంచి అని, సొన్‌గులోంచి సొన్. మూడో మాత్ర "గు"కి చోటు లేదు, అంతే. పర్సనల్ కంప్యూటర్ పసొకొన్, రిమోట్ కంట్రోల్ రిమొకొన్, పాకెట్ మాన్‌స్టర్ పొకెమొన్. అసలు "అనిమే" అన్నదే యానిమేషన్‌కి తోక కోయగా మిగిలింది, దాన్ని మళ్లీ కోశారు!

ఇప్పుడు గురులఘువులు వేయండి, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. అ, ని లఘువులు, పొల్లు వల్ల సొన్ గురువు. సగణం. మిగతా మూడూ సగణాలే. నాలుగు మాత్రల గణాలతో నడిచే కందంలో ఇవి హాయిగా ఇముడుతాయి.

వ్యాఖ్యలు:

— బాగుంది మాస్టారూ. కానీ ఈ పాటలకి విడిగా ఒక పేరెందుకు? సీరియల్ పాట అంటే సరిపోదా?

— సీరియల్ పాటంటే మనకు కాస్త చిన్నచూపండీ. అక్కడ 1963లో మొదలైన "తెత్సువాన్ అతొము" అనే టీవీ అనిమే పాటకే షుంతారో తనికావా సాహిత్యం రాశారు, ఆయన పేరున్న ఆధునిక కవి. తర్వాత ఇవే పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయకులు వచ్చారు. 1972లో "మజింగర్ జెడ్" పాట పాడిన ఇచిరో మిజుకిని అభిమానులు "అనికి" అని పిలుచుకునేవారు, అంటే అన్నయ్య. (ఈ "అని" వేరు, అనిసొన్‌లో "అని" వేరు. మన "అని" మూడోది!) జెడ్‌ని వాళ్లు "జెత్తొ" అంటారు. ఆయన "జె...త్తొ" అని సాగదీసి అరవడం, జనం తిరిగి అరవడం, అదొక సంబరం. 2022 డిసెంబరులో పోయారు.

— మావాడు "టీవీ సైజ్" వేరు, "ఫుల్" వేరు అంటుంటాడు, అదేమిటి?

— ఎపిసోడ్ మొదట్లో పాటకి ఇచ్చేది దాదాపు తొంభై సెకన్లు. ఆ కొలతకు కోసింది టీవీ సైజ్, మొత్తం పాట ఫుల్. మాటకే కాదు, పాటకీ కత్తెరే.

— కరావోకే కూడా ఇలాంటిదేనా?

— దాని కథ ఇంకా బాగుంటుంది. "కర" అంటే ఖాళీ, జపాన్ సొంత మాట, కరాతేలో ఉన్నదే. "ఒకె" అంటే ఆర్కెస్ట్రాలో ముక్క. గాయకుడు లేని ఉత్త వాద్యబృందం అన్నమాట. దేశి మాటకి ఇంగ్లిష్ ముక్క అతికించారు, మన పాత పండితులు చూస్తే వైరిసమాసం అని కొట్టేసేవారు. క-ర-ఒ-కె నాలుగూ లఘువులే, నలం.

— అభ్యంతరం. తెలుగులో పదం మధ్య అచ్చు నిలవదు. అందుకే మనం కరావోకే అనో కరోకే అనో అంటాం. మీ నలం ఎక్కడిది?

— ఒప్పుకుంటున్నానండీ. యడాగమం చేసి, అంటే అచ్చుల మధ్య యకారం చేర్చి, "కరయొకె" అందాం, లఘువులు నాలుగూ దక్కుతాయి. సగం కందంలో ఎనిమిది గణాలుంటాయి, ఆరోది నలమో జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి కదా, దీన్ని అక్కడ పెట్టండి. ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి, అక్కడ అనిసొన్. మిగతా ఆరు గణాలూ ఎవరైనా పూరించండి, ప్రాస మరిచిపోకండి. మా మేనకోడలికి వినిపించాలి.