"మీమట్టుకు మిమ్మును గూర్చియు": అపొస్తలుల కార్యములు 20:28లో ఎవరు ముందు?

ప్రశ్న:
సంఘ నాయకుల పరిశుద్ధత మీద ఒక పాఠం రాస్తూ, పౌలు ఎఫెసు సంఘపు పెద్దలతో చెప్పిన ఈ వచనం దగ్గర ఆగిపోయాను. గ్రీకు మూలంలో "మీ విషయంలోను, మంద అంతటి విషయంలోను జాగ్రత్త" అన్న వరుస ఉంది. ముందు కాపరి, ఆ తర్వాత మంద. మన పాత తెలుగు బైబిలులో వాక్యం "దేవుడు తన స్వరక్తమిచ్చి సంపాదించిన తన సంఘమును" అని మొదలై, "కాయుటకు పరిశుద్ధాత్మ మిమ్మును దేనియందు అధ్యక్షులనుగా ఉంచెనో" అని సాగి, "ఆ యావత్తు మందను గూర్చియు, మీమట్టుకు మిమ్మును గూర్చియు, జాగ్రత్తగా ఉండుడి" అని ముగుస్తుంది. కాపరి చివరికి వెళ్లిపోయాడు. అనువాదకులు పౌలు వరుసను తలకిందులు చేసినట్టేనా? పైగా ఈ "మట్టుకు" ఏం చేస్తోందక్కడ?

జవాబు:
తలకిందులు చేశారనడం తొందరపాటండి. మందకు తగిలించిన విశేషణం ఎంత పొడుగో చూడండి: దేవుడు సంపాదించిన సంఘం, దాన్ని కాయడం, పరిశుద్ధాత్మ నియమించడం, అన్నీ అందులోనే. "మీమట్టుకు మిమ్మును గూర్చియు" అన్నది వాక్యం మొదట్లో పెట్టి, ఈ పొడుగాటి సరుకంతా మధ్యలో నింపి, ఆఖరున "జాగ్రత్తగా ఉండుడి" అని చదివి చూడండి. క్రియ వచ్చేసరికి మొదటి మాట చెవిలో ఉండదు.

ఇంకో సంగతి. తెలుగులో క్రియను ఆనుకుని ఉన్న చోటే బలమైన చోటు. "ఈ ఉత్తరం నిన్న నాన్న రాశాడు" అంటే ఊనిక నాన్న మీద పడుతుంది, "ఈ ఉత్తరం నాన్న నిన్న రాశాడు" అంటే నిన్న మీద. గ్రీకులో ముందుండడం వల్ల వచ్చిన ఊనిక తెలుగులో క్రియ పక్కన ఉండడం వల్ల వచ్చింది. అనువాదకులకు కాపరిని వెనక్కి నెట్టే ఉద్దేశం లేదనడానికి 1 తిమోతి 4:16 సాక్ష్యం. అక్కడ విశేషణాల బరువు లేదు, అందుకే "నిన్నుగూర్చియు నీ బోధను గూర్చియు" అని మూలంలోని వరుస అలాగే ఉంది.

"మట్టు" అంటే హద్దు, మేర. కొంతమట్టుకు, ఎంతమట్టుకు అన్నవి అందులోంచి వచ్చినవే. మూలంలో దీనికి సరిగ్గా సమానమైన మాట లేదు. "మిమ్మును గూర్చియు" అని మాత్రమే అంటే చప్పగా ఉంటుందని చేర్చి ఉంటారు. నాకు ఆ చేర్పు నచ్చింది.

మరో జవాబు:
వ్యాకరణం ఒప్పుకుంటాను, "మట్టుకు" దగ్గర మాత్రం ఒప్పుకోలేను. ఈ రోజు ఎవరైనా "నా మట్టుకు నేను" అన్నారంటే "ఎవరెలా పోయినా నాకు పట్టదు" అన్న ఛాయ అందులో ఉంటుంది. కాపరి ఆత్మపరీక్షకు ఆ ఛాయ పనికిరాదు. 29, 30 వచనాలు కలిపి చదవండి. 29లో తోడేళ్లు బయటినుంచి వస్తాయి. 30లో వంకర మాటలు పలికేవారు "మీలోనే బయలుదేరుదురు" అంటాడు. వింటున్నదెవరు? ఎఫెసు నుంచి మిలేతుకు పిలిపించుకున్న సంఘపు పెద్దలు. అంటే వెతకవలసిన మొదటి చోటు పెద్దలు కూర్చున్న వరుసే. పౌలు తన వాక్యంలో కాపరులను ముందు ఉంచడానికి నాకు కనిపించే కారణం ఇదే.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని మాట "మీరు". పాత బైబిలులో ఒక్కరితో మాట్లాడితే "నీవు" అనే ఉంటుంది, కాబట్టి ఈ "మిమ్మును" కచ్చితంగా బహువచనం. నేటి పాఠకుడు "మీరు"ను ఒక్కరికిచ్చే మర్యాదగా వినడానికి అలవాటు పడ్డాడు. దాంతో ఈ వచనం ఒక్కో కాపరి తన గదిలో తలుపు వేసుకుని చేసే పనిగా వినిపిస్తుంది. పౌలు చెప్పింది పెద్దల గుంపుకు. ఒకరినొకరు చూసుకోవడం కూడా అందులో ఉంది. తన తోటి పెద్దలెవరూ తనను అడగకుండా ఏర్పాటు చేసుకున్న నాయకుడు ఎంత ప్రార్థించినా ఈ వచనాన్ని సగమే పాటిస్తున్నట్టు.

ఒక సభ్యురాలు:
చర్చ "మట్టుకు" దగ్గరే తిరుగుతోంది, "అధ్యక్షులు" అన్న మాటను కూడా చూడండి. గ్రీకు "ఎపిస్కొపొస్"లో పైనుంచి చూసేవాడు అన్న అర్థం ఉంది. సంస్కృతంలో అధి, అక్ష కలిస్తే అధ్యక్ష. అక్ష అంటే కన్ను. ఆశ్చర్యం కలిగించేంత దగ్గరి పోలిక. ఇప్పుడు అధ్యక్షుడంటే సభలో కుర్చీ, లేదా ఒక దేశాధినేత, కన్ను పూర్తిగా మూసుకుపోయింది! 17వ వచనంలో "పెద్దలు" అన్నవారినే 28లో "అధ్యక్షులు" అన్నాడు, అంటే ఇక్కడ మాట పదవి కన్నా పనిని చెబుతోంది. చూడడమే పని అయినవాడికి "ముందు నిన్ను చూసుకో" అని చెప్పవలసి రావడం ఎందుకో ఆలోచించండి. కన్ను తనను తాను చూడలేదు కదా.

మొదటి జవాబు ఇచ్చినవారు:
"మీరు" సంగతి నాకు తట్టలేదు, బాగుంది. "మట్టుకు" మీద నా అభిప్రాయం మార్చుకోను. ఆ ఉదాసీనత ఛాయ ఇప్పటి వాడుకది, దాన్ని ఆ పాత వాక్యం మీద మోపలేం.

ప్రశ్న అడిగినవారు:
ఇంతకీ పరీక్షించుకోవడమంటే వేటిని? పాఠంలో అది కూడా రావాలి. ప్రార్థన ఎంతసేపు చేశాను, మనసు ఎలా ఉంది అని రాసుకోవడం వరకే అయితే ఈ వచనానికి తక్కువే అనిపిస్తోంది.

జవాబు:
ఆ ప్రసంగంలోనే ఉన్నాయండి. 19లో వినయభావం, కన్నీళ్లు. 27లో దేవుని సంకల్పంలో ఏదీ దాచుకోకుండా చెప్పడం, అంటే వినేవారికి రుచించనిది వదిలేయకపోవడం. 33లో ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనూ ఆశించకపోవడం. 34లో తన అవసరాల కోసం, తనతో ఉన్నవారి కోసం కష్టపడిన చేతులు. చివరిదానికి "మీకే తెలియును" అని జోడించాడు. అంటే ఇతరులు సరిచూడగలిగిన లెక్క. సమూయేలు కూడా అంతే, 1 సమూయేలు 12:3లో ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా అని జనం ముందే అడిగాడు. మనసు లోతులు తర్వాత, ముందు ఎద్దూ గాడిదా.

లోతుల విషయంలో పౌలు తననే నమ్ముకోలేదు. 1 కొరింథీయులు 4:4లో తనలో ఏ దోషమూ కనిపించడం లేదంటూనే, అంతమాత్రాన నీతిమంతుడిగా ఎంచబడనని, తనను విమర్శించేవాడు ప్రభువేనని అంటాడు. పాఠంలో ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. మొదటిది లేకపోతే నాయకుడు జవాబుదారీ తప్పించుకుంటాడు. రెండవది లేకపోతే రోజూ తనను తవ్వుకుంటూ కూర్చుని మందను మరచిపోతాడు.