నవజాత శిశువు శ్వాస: టీటీఎన్, ఆర్‌డీఎస్, ఆప్నియా అంటే ఏమిటి?

ప్రశ్న:
మా పాప నెలలు నిండాకే, నొప్పులు మొదలుకాకముందు చేసిన సిజేరియన్‌లో పుట్టింది. పుట్టగానే ఆయాసపడుతోందని ఆక్సిజన్ పెట్టారు. తగ్గాక ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో టీటీఎన్ అనీ, ఆర్‌డీఎస్, ఆప్నియా లేవనీ రాశారు. ఇప్పుడు నిద్రలో కొన్ని క్షణాలు ఊపిరి ఆపి, ఆ వెంటనే గబగబా పీల్చుకుంటోంది. ఆప్నియా అంటే ఇదేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
ముందు కాగితంలోని మాటల సంగతి చెబుతాను. గర్భంలో శిశువు ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి. నొప్పుల సమయంలో విడుదలయ్యే హార్మోన్ల ప్రభావంతో ఆ ద్రవం ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పులు రాకముందే సిజేరియన్ జరిగితే కొంత మిగిలిపోయే అవకాశం ఎక్కువ. అది ఇంకేవరకు శిశువు వేగంగా ఊపిరి తీయడమే టీటీఎన్. సాధారణంగా 24 నుంచి 72 గంటల్లో తగ్గిపోతుంది. ఆర్‌డీఎస్ అనే శ్వాస ఇబ్బంది ఎక్కువగా నెలలు నిండని పిల్లల్లో వస్తుంది; ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం వారిలో చాలినంత ఉండదు. ఈ లోపాన్ని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే పరిశోధకులు గుర్తించారు. అంతకుముందు ఎందరో శిశువులు అసలు కారణం తెలియకుండానే చనిపోయారు.

జవాబు 2:
మీరు వర్ణించినది ఆవర్తన శ్వాసలా ఉంది. 5 నుంచి 10 సెకన్లు ఆగి, తర్వాత వేగంగా పీల్చడం ఈ వయసులో మామూలే. ఊపిరి 20 సెకన్లు లేదా అంతకు మించి ఆగినా, తక్కువసేపే ఆగినా శిశువు రంగు మారడమో గుండె వేగం పడిపోవడమో జరిగినా దాన్ని ఆప్నియా అంటారు. పాప నిద్రలో ఉన్నప్పుడు పొట్ట కదలికలను చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే, ఆగి ఆగి పీల్చే శిశువు విషయంలో లెక్క తప్పుతుంది. నిమిషానికి 30 నుంచి 60 లోపు ఉంటే సాధారణం. 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మరోసారి లెక్కించి, అప్పుడూ అంతే ఉంటే వైద్యుడికి చూపించాలి.

అడిగినవారు:
ధన్యవాదాలు. ముక్కులో గురగుర వినిపిస్తోంది, అరిచేతులు కాస్త నీలంగా కనిపిస్తున్నాయి. వీటి గురించి కూడా చెప్పగలరా?

జవాబు 3:
పాలు బాగా తాగుతూ, ఆయాసం లేకుండా ఉంటే ముక్కులోని గురగురకు కంగారుపడనక్కరలేదు. తొలి రోజుల్లో చేతులు, కాళ్లు మాత్రమే నీలంగా ఉండటం కూడా తరచుగా కనిపించేదే. నాలుక, పెదవులు నీలంగా మారితే మాత్రం అది ఆక్సిజన్ తగ్గిందనడానికి సూచన. ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా మూలగడం, ముక్కుపుటాలు ఎగరేయడం, డొక్కలు లోపలికి పోవడం, పాలు తాగలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఊపిరి లెక్క ఎంత వచ్చిందని చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.