జాక్ అండ్ ది బీన్‌స్టాక్ (1952): మొదటి ముక్క కోసేసి పిల్లలకి వేయొచ్చా?

బఠానీ
అమెరికా హాస్యజంట అబాట్ (సన్నాయన), కాస్టెల్లో (బొద్దాయన, ఇందులో జాక్) చేసిన 1952 సినిమా మా అపార్ట్‌మెంట్ పిల్లలకి వేద్దామనుకుంటున్నా. ఇరవై మంది, ఆరు నుంచి పదేళ్ల లోపు. మొదట్లో చాలాసేపు రంగు లేదు: ఉద్యోగాలిప్పించే ఆఫీసు, పిల్లాణ్ణి చూసుకునే పని, ఆ గొడవంతా. జాక్ నిద్రలో కనే కలగా చిక్కుడు తీగ కథ, రంగులు ఆ తర్వాతే. రంగు వచ్చిన చోటినుంచే వేస్తే ఏమన్నా పోతుందా? డీవీడీ 75 నిమిషాలది. లాప్‌టాప్, వీఎల్‌సీ ప్లేయర్, ప్రొజెక్టర్ ఉన్నాయి.

బాల్కనీ
ఏమీ పోదు. ఆ వయసు పిల్లలు కుదురుగా కూర్చునేదే గంట. తీసేయండి.

నేలటికెట్టు
పోతుంది. సగం సినిమా పోతుంది. బడ్డీ బేర్ ముందు పోలీసు సార్జెంట్ రైలీ, కలలో రాక్షసుడు. డొరొతీ ఫోర్డ్ ముందు ఆఫీసులో కూర్చునే పొడుగాటి అమ్మాయి, కలలో రాక్షసుడి ఇంట్లో పనిచేసే పాలీ. అబాట్ ముందు డింకిల్, కలలో కసాయి డింకిల్‌పస్. జాక్ చూసుకోడానికి వెళ్లిన పిల్లాడి ఇంటి అమ్మాయే కలలో యువరాణి. ముందు మనిషిని చూడకపోతే తర్వాతి వేషం ఎవరిదో ఏం తెలుస్తుంది? ఇంకో మాట. పిల్లాణ్ణి చూసుకోడానికి వచ్చిన జాక్‌కి చదవడం రాదు. ఆ పిల్లాడే కథ చదివి పెద్దాయన్ని నిద్రపుచ్చుతాడు. సినిమా కట్టిందే ఆ ఎకసెక్కం మీద. దాన్ని కోసి ఏం చూపిస్తారు?

పైగా అది "రంగు లేని" ముక్క కాదు. సెపియా, అంటే గోధుమ ఛాయ.

బాల్కనీ
నా డిస్కులో నలుపు తెలుపే.

నేలటికెట్టు
మీ డిస్కు తప్పు.

సెకండ్‌షో
అసలు జాక్ దొంగ కదండీ. ఒకరింటికి ఎక్కి కోడిని ఎత్తుకొస్తాడు. పిల్లలకి ఇదా నేర్పేది?

రీలుడబ్బా
ఆ పేచీ 200 ఏళ్లనాటిది. 1807లో లండన్‌లో బెంజమిన్ టాబర్ట్ అచ్చువేసిన కథలో ఒక దేవకన్య వచ్చి, ఆ సొమ్మంతా రాక్షసుడు మీ నాన్న దగ్గర దోచుకున్నదేనని జాక్‌కి చెబుతుంది. 1890లో జోసఫ్ జేకబ్స్ ఆ సంజాయిషీ తీసి పారేశాడు, అందులో జాక్ ఉత్త గడుగ్గాయి. సినిమా నడిచింది టాబర్ట్ దారిలోనే: బంగారు గుడ్లు పెట్టే నెల్లీ అనే కోడి జాక్ వాళ్లదే, రాక్షసుడు ఎత్తుకుపోయాడు. కాబట్టి మీ పిల్లలు చెడిపోరు. ఆవు పేరు హెన్రీ, దానికి మాత్రం సమాధానం లేదు.

ఇక సెపియా. ఇద్దరి మాటా నిజమే, దెబ్బలాట దండగ. 1952 ఏప్రిల్‌లో వార్నర్ విడుదల చేసినప్పుడు ముందూ వెనకా సెపియా, కల మాత్రం సూపర్‌సినీకలర్ అనే రంగుల పద్ధతిలో. సెపియా నెగటివ్‌లో ఉండదు, ప్రింటు తీసేటప్పుడు పట్టించేది. టీవీల కోసం 16 ఎంఎం కాపీలు తీసినవాళ్లు ఆ ఖర్చు పెట్టకపోతే ఉత్త నలుపు తెలుపు మిగులుతుంది. 1939 విజర్డ్ ఆఫ్ ఆజ్‌కీ ఇదే గతి: 1949 రీరిలీజ్‌లో కాన్సస్ భాగం నలుపు తెలుపైంది, సెపియా మళ్లీ వచ్చింది 1989లో.

బాల్కనీ
అంటే నా డిస్కు తప్పు కాదు.

నేలటికెట్టు
చవక కాపీ అన్నారు ఆయన, మర్యాదగా. నాకూ ఒక అమ్మకందారు "రీస్టోర్డ్" అని అంటగట్టాడు. రాక్షసుడి కోట మొత్తం రోజ్‌మిల్క్ రంగు! అది చూసి "ఈ సినిమా రంగులు దరిద్రం" అని రాసేవాళ్లు ఈ వేదికలోనే ఉన్నారు, వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు.

బాల్కనీ
రాసింది నేనే, పేరు పెట్టే చెప్పండి. దరిద్రంగానే ఉన్నాయి. సెట్లు కూడా ఇంకో సినిమావి.

రీలుడబ్బా
సెట్ల మాట నిజం. హాల్ రోచ్ స్టూడియోలో 1948 జోన్ ఆఫ్ ఆర్క్ కోసం వేసినవాటినే వాడుకున్నారు. 1951 జులై, ఆగస్టుల్లో షూటింగు చుట్టేశారు. రంగుల సంగతి వేరు.

సూపర్‌సినీకలర్ ప్రింటుకి రెండువైపులా ఎమల్షన్, అంటే బొమ్మ పట్టే పూత ఉంటుంది. రంగు నెగటివ్ నుంచి ఫిల్టర్లతో మూడు నలుపు తెలుపు నెగటివ్‌లు తీసి, వాటినుంచి ఈ రెండువైపుల ఫిల్మ్ మీద ముద్రిస్తారు. పాత రెండు రంగుల సినీకలర్ యంత్రాలే సరిపోవాలని మామూలు సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ)లకి బదులు నీలంవైపు ఒరిగే సయాన్, ఎరుపువైపు ఒరిగే మెజెంటా, వాటికి తోడు పసుపు పెట్టుకున్నారు. అందుకే ఎరుపూ నీలమూ బొమ్మల పుస్తకంలోలా కొట్టొచ్చినట్టు పడతాయి. రెండు పొరల మధ్య ఫిల్మ్ మందం ఉంటుంది కాబట్టి ఒక పొర ఫోకస్‌లో ఉంటే ఇంకోటి వెంట్రుకవాసి జారుతుంది. పాత ప్రింట్లలో అంచులు మెత్తగా కనబడేది అందుకే.

రోజ్‌మిల్క్ రంగు ఈ ప్రింట్లది కాదు. ఈస్ట్‌మన్‌ రంగు ఫిల్మ్ మీద తీసిన కాపీల్లో సయాన్ రంగు ముందు చచ్చిపోతుంది, గులాబీ మిగులుతుంది. టీవీలో ఎరుపు తగ్గించి దాన్ని బాగుచేయలేరు. పోయిన సయాన్ రాదు సరికదా, నీడలన్నీ బురద పట్టిన ఆకుపచ్చకి తిరుగుతాయి.

సెకండ్‌షో
మాయాబజార్‌కి 2010లో రంగులేశారుగా, దీనికీ ఎవరన్నా వేస్తే పోలా?

నేలటికెట్టు
అది లేని రంగు వేయడం. ఇది ఉన్న రంగు పోగొట్టుకోవడం. రెండూ ఒకటి కావు బాబూ.

బఠానీ
అయ్యా, నా ప్రశ్న... 75 నిమిషాల డిస్కు పూర్తిదేనా?

నేలటికెట్టు
కాదు. సినిమా 78 నిమిషాలు. మీదాంట్లో మూడు నిమిషాలు కోసేశారు.

రీలుడబ్బా
తొందరపడకండి. పాల్ (యూరప్, ఇండియాల టీవీ పద్ధతి) డిస్కు అయితే సెకనుకి 24 ఫ్రేముల సినిమా 25తో నడుస్తుంది. 78ని 24తో గుణించి 25తో భాగించండి: 74.88. ఒక్క ఫ్రేమూ పోలేదు, 4 శాతం వేగం పెరిగింది, పాటల శ్రుతి కాస్త పైకెళ్లింది. అదే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కు 75 చూపిస్తే నిజంగానే కోత. 70 నిమిషాలవి రెంటిలో ఏదైనా సరే కోతే. వీఎల్‌సీలో కోడెక్ సమాచారం తెరిచి ఫ్రేమ్‌రేటు చూడండి: 25 ఉంటే పాల్.

నేలటికెట్టు
పాల్ అయినా మొదటి టైటిల్స్ కోసిన డిస్కులు ఉంటాయి.

రీలుడబ్బా
ఉంటాయి. ఆయనది అదే అని మీకెలా తెలుసు?

బఠానీ
25 చూపిస్తోంది. టైటిల్స్ ఉన్నాయి.

బాల్కనీ
మరైతే ఆ ఆఫీసు సీను కోసెయ్యండి. ఇంగ్లీషులో గబగబా మాటలు, మన పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాదు. తీగ మొలవడం, కోడి గుడ్డు పెట్టడం, తీగ నరికితే రాక్షసుడు కింద పడి నేలకి గొయ్యి పడటం, వీటికి భాష అక్కర్లేదు. కాస్టెల్లో పిల్లల సినిమా చేయాలనుకున్నాడు. పిల్లలకి అందే ముక్కే చూపించాలి. నేలటికెట్టుగారు పది రోజులుగా ప్రతి చర్చలోనూ ఇంతే, సినిమా ఎవరికోసమో పట్టదు, ప్రింటు సెపియానా కాదా అని కూర్చుంటారు.

నేలటికెట్టు
సెపియా కాదండీ నా బాధ. మీరు కోస్తున్నది అబాట్‌ని. చూడండి, రంగు వచ్చాక అబాట్‌కి పనేముంది? అయిదు గింజలిచ్చి ఆవుని కొట్టేసే కసాయి, బంగారు గుడ్ల ఆశతో తీగెక్కడం, అంతే. మాటకి మాట అందించి, సరిగ్గా అర క్షణం ఆగి, కాస్టెల్లో పేలడానికి చోటు చేసే మనిషి కలలో ఎక్కడా లేడు. వాళ్లు జంటగా కనబడేది ఆ ఆఫీసు ముక్కలో. వంత లేకుండా బుర్రకథ చెప్పించినట్టుంటుంది మిగతాదంతా. పిల్లలకి అర్థం కాదంటారా? మాట అర్థం కాకపోయినా ఒకడు గద్దిస్తే ఒకడు బెదిరిపోవడం అర్థం కాదా?

బాల్కనీ
అది ముందే చెప్పి ఉంటే సెపియా గొడవ ఉండేది కాదు. కానీ అబాట్‌ని తగ్గించింది నేను కాదు. సినిమాయే తగ్గించింది.

రీలుడబ్బా
దానికి లెక్కలున్నాయి. యూనివర్సల్ స్టూడియోతో ఈ జంటకున్న ఒప్పందంలో ఏడాదికొక సినిమా బయట చేసుకునే వీలుంది. ఇది కాస్టెల్లో సొంత కంపెనీది, కథ కూడా వాళ్లన్న పాట్ కాస్టెల్లో పేరు మీద వేశారు. దీని జోడీ కెప్టెన్ కిడ్ సినిమా అబాట్‌ది. వాళ్లు రంగుల్లో చేసినవి ఈ రెండే. ఇది కాస్టెల్లో డబ్బు, కాస్టెల్లో సినిమా. బర్లెస్క్ అనే స్టేజీ హాస్య ప్రదర్శనల రోజుల్లో వాటా 60:40, ఎక్కువ అబాట్‌కే, ఎందుకంటే మంచి స్ట్రెయిట్ మ్యాన్ (నవ్వించేవాడికి మాట అందించేవాడు) దొరకడమే కష్టం. తర్వాత సగం సగం, సినిమాల్లో నిలదొక్కుకున్నాక 60 కాస్టెల్లోకి మారింది. జంట పేరు కూడా తిప్పి రాయాలని ఆయన అడిగితే యూనివర్సల్ ఒప్పుకోలేదు. నేలటికెట్టుగారి బాధ న్యాయమైందే, కానీ కత్తెర బఠానీగారి చేతిలోకి రాకముందే ఆ కోత జరిగిపోయింది.

నేలటికెట్టు
అందుకే మిగిలిందైనా ఉంచమంటున్నా.

రీలుడబ్బా
నేనైతే మొత్తం వేస్తాను. ఇవి చూసుకోండి. 1952 సినిమా, వెడల్పు తెర రాకముందుది. వీఎల్‌సీలో 'ఏ' మీట నొక్కుతూ పోతే 4:3 వస్తుంది. మీ తెర 16:9 అయితే బొమ్మ వెడల్పులో ముప్పావు వంతే నిండుతుంది, నల్ల పట్టీలు ఉండనివ్వండి. సాగదీస్తే అబాట్ కూడా కాస్టెల్లో అవుతాడు. నలుపు తెలుపు ముక్కకి సెపియా కావాలంటే కంట్రోల్ పట్టి 'ఈ' నొక్కి వీడియో ఎఫెక్ట్స్‌లో కలర్స్ కింద ఉంది. కానీ కల మొదలవగానే తీసేయాలి, మర్చిపోతే మిగతా సినిమా టీ నీళ్లలో ముంచినట్టుంటుంది. అంచేత వద్దు. డబ్బు పెట్టగలిగితే త్రీడీ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసి 2022లో తెచ్చిన బ్లూరే కొనండి. అమెరికాలో 28వ ఏట కాపీరైట్ రెన్యూ చేయలేదు, అందుకే ఎవరు పడితే వాళ్లు వేసిన ఇన్ని చవక డిస్కులు.

ఒక్కటి మాత్రం తెలుగులో ముందే చెప్పేయండి: "ఈ పోలీసాయన్ని గుర్తుపెట్టుకోండి." బేర్ ఆరున్నర అడుగుల మనిషి, ప్రపంచ చాంపియన్ జో లూయీతో రెండుసార్లు తలపడ్డ బాక్సర్. పిల్లలు మర్చిపోరు.

సెకండ్‌షో
కథ చదివే పిల్లాడు డేవిడ్ స్టోలరీ. పెద్దయ్యాక టొయోటా సెలికా రెండో తరం కారు డిజైన్ చేసింది అతనే.

బాల్కనీ
చూశారా, ఆ ముక్కలో పనికొచ్చేది అదొక్కటే.

బఠానీ
మొదటినుంచే వేస్తున్నా. ఆఫీసు సీనులో మైకు పట్టుకుని తెలుగులో చెబుతా. పాటలొకటి రెండు దాటేస్తా, అది మాత్రం అడగొద్దు.

నేలటికెట్టు
ఏ పాటలు?