సముద్రం మీద పబ్లిక్ లెక్చర్లకు వెళ్ళినవాళ్ళు చెప్పండి, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు?

కెరటం
అందరికీ నమస్కారం. సముద్ర శాస్త్రం, పర్యావరణం మీద మామూలు జనం కోసం పెట్టే ఉపన్యాసాలకు ఈమధ్య తరచుగా వెళ్తున్నాను. కొన్ని విన్నాక ఇంకా చదవాలనిపిస్తుంది. కొన్ని విన్నాక మనసు బరువెక్కడం తప్ప ఏమీ మిగలదు. పగడాలు పోతున్నాయి, మంచు కరుగుతోంది, ప్లాస్టిక్ నిండిపోతోంది అంటూ గంటసేపు అదే వరస. చెప్పేది నిజమే, కానీ ఎందుకు, ఎలా అన్నది లేకపోతే వినేవాడు ఏం పట్టుకుంటాడు? మేం కొందరం కలిసి అలాంటి కార్యక్రమం ఒకటి పెట్టాలనుకుంటున్నాం. వక్తను ఏం అడగాలి, ఎలా జరిపించాలి? మీ అనుభవాలు రాయండి.

ఉప్పుగాలి
ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో వదిలేసే కొలత యంత్రాల) మీద విన్న ఉపన్యాసం నాకు ఇప్పటికీ గుర్తుంది. వక్త వాతావరణ మార్పు ఊసే ఎత్తకుండా, "సముద్రం లోపల ఎంత వేడి ఉందో అసలు ఎలా తెలుస్తుంది?" అని మొదలుపెట్టారు. ఒకప్పుడు ఓడ వెళ్ళిన చోటే కొలత. అంటార్కిటికా చుట్టూ చలికాలంలో ఓడలు దాదాపు తిరగవు కాబట్టి అక్కడి లెక్కలు చాలా తక్కువ. ఇప్పుడు సుమారు 4,000 ఫ్లోట్లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఒక్కోటి 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపేస్తుంది. దానికి ప్రొపెల్లర్ ఉండదు. లోపలున్న నూనెను బయటి సంచిలోకి నెడితే పరిమాణం పెరిగి తేలుతుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది.

ఇదంతా అయ్యాకే అసలు మాట చెప్పారు: గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల భూమి మీద అదనంగా చేరిన వేడిలో దాదాపు 90 శాతం సముద్రంలోకే వెళ్ళింది అని. అప్పటికే ఆ అంకె ఎక్కడ పుట్టిందో హాల్లో అందరికీ తెలుసు. ఎవరూ "ఇదంతా నిజమేనా?" అని అడగలేదు. మీ వక్తను మొదట అడగాల్సింది ఇదే అని నా అభిప్రాయం: అంకెతో పాటు అది ఎలా కొలిచారో కూడా చెప్పమనండి.

రమణి_బయాలజీ
నేను హైస్కూల్ టీచర్‌ని. పిల్లల్ని తీసుకెళ్ళిన ఒక కార్యక్రమంలో ఉపన్యాసం ఇచ్చిన ఆవిడ బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లం చేరితే రంగు మారే ద్రవం) కలిపిన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక అమ్మాయిని పిలిచి స్ట్రాతో ఊదమన్నారు. నీలం మెల్లగా ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారింది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుందని పుస్తకంలో చదివించేవాళ్ళమే, కళ్ళెదుట చూడటం వేరు.

తర్వాత ఆవిడ చెప్పిన జాగ్రత్త నాకు ఇంకా నచ్చింది. సముద్రపు నీరు ఇంత తేలిగ్గా మారదు, దానికి బఫర్ గుణం ఉంది, అంటే ఆమ్లం చేరినా అంతగా మారకుండా నిలదొక్కుకుంటుంది. ఇప్పటికీ అది క్షారమే. పారిశ్రామిక యుగానికి ముందు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, ఆమ్లగుణం పెరిగితే అంకె తగ్గుతుంది) సుమారు 8.2 ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. "ఇంతేనా?" అని మా పిల్లలే అడిగారు. పీహెచ్ లాగరిథమ్ స్కేలు, అంటే ఒక్కో అంకెకు పది రెట్ల తేడా, కాబట్టి 0.1 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పైగా పెరిగినట్టు. అవి కార్బనేట్ అయాన్లను పట్టేసుకుంటే గవ్వలకు, పగడాలకు పెంకు కట్టుకోడానికి ముడిసరుకు తగ్గిపోతుంది. లాగరిథమ్‌లు ఎందుకురా బాబూ అనే పిల్లలు ఆ రోజు శ్రద్ధగా విన్నారు.

మీరూ చేయించేటట్టయితే పిల్లలు ఊదాలే గానీ పీల్చకూడదని ముందే గట్టిగా చెప్పండి.

వినేవాడు
ప్రశ్నలకు టైమ్ కచ్చితంగా ఉంచండి. ఒకచోట ముఖ్య అతిథుల మాటలకే సగం టైమ్ పోయింది, చివర్లో "సమయం లేదు" అని లైట్లు ఆర్పేశారు. దూరం నుంచి వచ్చినవాళ్ళం చాలా బాధపడ్డాం.

తెరచాప
మొదటి నిమిషంలోనే పట్టేసే మాట ఒకటి ఉండాలి. "మీరు పీల్చే ప్రతి రెండో ఊపిరి సముద్రం ఇచ్చిందే" అని ఒకాయన మొదలుపెడితే హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. ఇలాంటిది ఒకటి పెట్టించండి.

సాగరిక
తెరచాప గారూ, నేను ఈ రంగంలో పనిచేస్తూ అప్పుడప్పుడు ఇలాంటి ఉపన్యాసాలు ఇస్తుంటాను. ఆ వాక్యం వాడొద్దని నా మనవి. భూమి మీద కిరణజన్య సంయోగక్రియలో తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలోనిదే, అంతవరకు సరే. కానీ అందులో దాదాపు మొత్తాన్ని అక్కడి జీవులే, బాక్టీరియాతో సహా, వాడేసుకుంటాయి. మనం పీల్చే ఆక్సిజన్ కోట్ల ఏళ్ళుగా గాలిలో పోగైన నిల్వ. శ్రోతల్లో ఒక్కరు ఇది పట్టుకుని నిలదీస్తే మిగతా ఉపన్యాసం మీద కూడా అనుమానం వస్తుంది.

"ప్లాస్టిక్ దీవి" ఫొటోలు కూడా అంతే. హవాయికి, కాలిఫోర్నియాకు మధ్య పేరుకున్న చెత్త మీద నడవగలమని చాలామంది అనుకుంటారు. అక్కడికి ఓడలో వెళ్తే చాలాసార్లు మామూలు నీళ్ళే కనబడతాయి. ముక్కల సంఖ్యలో ఎక్కువ భాగం మైక్రోప్లాస్టిక్, అంటే చాలా చిన్న ప్లాస్టిక్ తునకలు. బరువులో మాత్రం దాదాపు సగం చేపల వలలేనని 2018లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వలల సంగతి చెప్పగానే చర్చ నేరుగా పరిష్కారం వైపు వెళ్తుంది, అందుకే నేను అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న మంచు గురించి. నీటి మీద తేలే మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు పెరగదు, నేల మీది మంచు కరిగితేనే పెరుగుతుంది. ఒక్క గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే సుమారు 7 మీటర్లు. దానికి వందల నుంచి వేల ఏళ్ళు పడుతుందని కూడా ఆ వాక్యంలోనే చెప్పాలి. నీరు వేడెక్కి వ్యాకోచించడం కూడా మట్టం పెరగడానికి పెద్ద కారణమే, దాన్ని చాలామంది వక్తలు వదిలేస్తారు.

తెరచాప
సాగరిక గారూ, ఆక్సిజన్ సంగతి నాకు తెలియదు, థాంక్స్. అయినా ఆకట్టుకునే మొదలు కావాలన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. హైడ్రోఫోన్‌లో (నీటి లోపల వాడే మైక్‌లో) రికార్డ్ చేసిన హంప్‌బ్యాక్ తిమింగలం పాట వినిపిస్తే ఎలా ఉంటుంది? వ్యాపార వేటను ఆపాలని 1982లో నిర్ణయించి 1986 నుంచి అమలు చేశారు, ఆ తిమింగలాలు చాలాచోట్ల మళ్ళీ పెరిగాయి. కెరటం గారు అడిగిన నిరాశకు కూడా అక్కడ జవాబు దొరుకుతుంది.

పగడపుదీవి
తిమింగలం బాగుంటుంది. కానీ ఆశ కోసమని కష్టమైన విషయాలు తగ్గించి చెప్పించకండి, దయచేసి. నేను డైవింగ్‌కు వెళ్తాను, తెల్లబడిన పగడాలను దగ్గర నుంచి చూశాను. తెల్లబడ్డాయంటే చచ్చిపోయాయని ఒక ఉపన్యాసంలో చెప్పేశారు, అది తప్పు. నీరు మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తనలో ఉండి తిండి తయారుచేసిపెట్టే శైవలాలను (కంటికి కనబడనంత చిన్న నాచులాంటివాటిని) బయటికి పంపేస్తుంది. రంగు పోతుంది, ఆకలితో ఉంటుంది, కానీ ప్రాణం ఉంటుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. వేడి పదేపదే వస్తే ఆ వ్యవధి దొరకదు. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఈ వివరం తెలిశాక నాకు భయం తగ్గలేదు, కానీ వేడి తగ్గించడం ఎందుకు అంత అర్జెంటో అర్థమైంది.

కెరటం
అందరికీ చాలా థాంక్స్. తిమింగలం పాటతో మొదలుపెట్టి, ఆర్గో కొలతలు, గ్లాసు ప్రయోగం, పగడాలు అడుగుదామనుకుంటున్నాం. సన్మానాలు ఉండవు, ప్రశ్నలకు అరగంట. వీడియో కూడా తీస్తాం, రాలేనివాళ్ళు అడిగారు.

ఉప్పుగాలి
వీడియో అయితే శ్రోతల మధ్య తిప్పడానికి ఇంకో మైక్ ఉంచండి. లేదంటే ప్రతి ప్రశ్నా వక్తే ఒకసారి మళ్ళీ చెప్పి జవాబివ్వమనండి. నేను చూసిన రికార్డింగుల్లో చాలావాటిలో జవాబులే వినబడతాయి, ఏం అడిగారో తెలియదు.