డల్లాస్ వెళ్తున్న అమ్మకి దారిలో తినడానికి ఏం కట్టివ్వాలి?

మియాపూర్_అమ్మాయి

అందరికీ నమస్తే. మా అమ్మ వచ్చే నెల డల్లాస్ వెళ్తోంది. చెల్లికి ఏడో నెల, కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఒక్కతే వెళ్తోంది, విమానం ఎక్కడం కూడా ఇదే మొదటిసారి. శంషాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లైట్, దోహాలో దిగి మారాలి, అక్కడ నాలుగైదు గంటలు కూర్చోవాలి, ఆ తర్వాత ఏకబిగిన పదహారు గంటల ప్రయాణం.

నా టెన్షన్ అంతా తిండి గురించే. అమ్మ గుడ్డు, మాంసం ముట్టదు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేసింది. మాంసం వండిన చోట వండారన్న అనుమానం వచ్చినా చాలు, ప్లేటు పక్కన పెట్టేస్తుంది. పైగా షుగర్ ఉంది, పూటకి ఇన్సులిన్ వేసుకుంటుంది, కాబట్టి ఒక పూట తినకపోతే ఏమైందిలే అనుకోవడానికి లేదు. రైల్లో అయితే పులిహోర, పెరుగన్నం, చపాతీలు కట్టుకుని ఎంత దూరమైనా వెళ్లేవాళ్లం. విమానంలో వీటిలో ఏవి పోనిస్తారు, ఏవి చెత్తబుట్టలో వేయిస్తారు?

ఇంకో సంగతి. పెద్ద సూట్‌కేసులో పెట్టడానికి అమ్మ ఇప్పటికే ఆవకాయ, కందిపొడి, సకినాలు, గరిజెలు సిద్ధం చేస్తోంది, పెరట్లో కరివేపాకు కూడా కోసుకెళ్తానంటోంది. అన్నిటికంటే ముఖ్యంగా చెల్లికి ఒడి నింపాలని బియ్యం, కుడుకలు కట్టి పెట్టింది. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రాత్రిబస్సు

ముందుగా ఒకటి చెల్లెమ్మా, దారిలో తినేది వేరు, అక్కడికి చేరాల్సింది వేరు. ఈ రెండిటినీ ఒకే సంచిలో కలపొద్దు. రెండిటికీ రూల్స్ వేరే.

దారిలో తినేదానికి నేను చూసే లెక్క ఒక్కటే, అది పొడిగా ఉందా, జారుగా ఉందా. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలో ద్రవాలు, జెల్ లాంటివి ఏవైనా ఒక్కో డబ్బా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అవన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో పట్టాలి. పెరుగు, చట్నీ, నూనె తేలే పచ్చడి, సాంబారు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పెరుగన్నం గట్టిగా ఉంటే ఒక చోట వదిలేస్తారు, ఇంకోచోట తీసేయమంటారు, అక్కడున్న అధికారిదే చివరి మాట. అందుకే షుగర్ ఉన్న మనిషి ఆ ఒక్క డబ్బా మీద ఆధారపడకూడదు. పైగా దోహాలో మళ్లీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది, శంషాబాద్‌లో దాటినది అక్కడ దాటుతుందన్న నమ్మకం లేదు.

పులిహోర బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే చేసే పద్ధతి మార్చాలి. అన్నం పలుకుగా వండి వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, చింతపండు పులుసు నూనె పైకి తేలేదాకా ఉడికించి, రెండూ పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి మీద మూతపెడితే లోపల ఆవిరి నీరై అన్నం తడిసిపోతుంది, పాడయ్యేది అక్కడే. ఒక పెద్ద డబ్బా వద్దు, ఒక్క పూటకి సరిపోయే చిన్న పొట్లాలు కట్టండి, విప్పిన పొట్లం అప్పుడే ఖాళీ అయిపోవాలి. వంట దించిన టైం నుంచి లెక్కేసుకోండి, ఫ్లైట్ టైం నుంచి కాదు. మియాపూర్ నుంచి శంషాబాద్ చేరడానికే గంటన్నర అనుకోండి, అక్కడ మూడు గంటల ముందు ఉండాలి. తొమ్మిదింటికి చేసిన పులిహోర దోహాలో కూర్చునేలోపు అయిపోవాలి, దాన్ని రెండో విమానంలోకి తీసుకెళ్లొద్దు.

రెండో విమానానికి పాలతో పిండి కలిపి చేసిన మెంతి చపాతీలు. నీళ్లు తగలకపోతే మెత్తగానే ఉంటాయి, రోజంతా నిలుస్తాయి. ఉల్లికాడలు వేయకుండా నువ్వులు, పల్లీలు దండిగా వేసి కాస్త కరకరలాడేలా కాల్చిన సర్వపిండి కూడా బాగా ఆగుతుంది. నంచుకోవడానికి పచ్చడి వద్దు, చిటికెడు కారప్పొడి చిన్న పొట్లంలో చాలు. చేతి సంచిలో పొడులు ఎక్కువ పెట్టొద్దు, అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకి మించిన పొడి ఉంటే విప్పి పరీక్షిస్తారు.

ఖాళీ బాటిల్ పట్టుకెళ్లమనండి, చెకింగ్ దాటాక నింపుకోవచ్చు.

కొత్తపేట_అత్తమ్మ

మీ అమ్మగారి లాంటివాళ్లకి విమానంవాళ్లిచ్చే భోజనం పూర్తిగా వదులుకోవాల్సిన పనిలేదమ్మా. టికెట్ బుక్ చేసేటప్పుడు 'ఏషియన్ వెజిటేరియన్' అని పెడితే అందులో ఉల్లి వెల్లుల్లి ఉంటాయి. 'జైన్ మీల్' అడగండి, దాని కోడ్ వీజేఎంఎల్. అందులో ఉల్లి, వెల్లుల్లి, దుంపకూరలు వేయరు, గుడ్డు ఉండదు. డయాబెటిక్ మీల్ కూడా వేరే ఉంటుంది కానీ అందులో మాంసం రావచ్చు, అందుకని జైన్ మీలే నయం. కనీసం 24 గంటల ముందే చెప్పాలి, రెండు ఫ్లైట్లకీ విడివిడిగా పడిందో లేదో చూసుకోండి. ఒకదానికి పడి రెండోదానికి పడకపోవడం మామూలే.

ఈ భోజనం వస్తుంది కదా అని ఇంటి తిండి తగ్గించకండి. మా అక్కకి ఒకసారి తెల్లవారుజామున ఎక్కగానే ట్రే ఇచ్చారు, ఆవిడ నిద్రలో ఉంది, లేచేసరికి తీసేశారు. షుగర్ ఉన్నవాళ్లకి అది చాలా పెద్ద విషయం.

ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. కిందకి వేసే సామానులో చలికి గడ్డకడితే ఇక పనిచేయదు. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించి, మందుతో పాటే పెట్టండి, సూదుల గురించి ఎక్కడైనా అడుగుతారు. డల్లాస్ టైం మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలమైతే పదకొండున్నర. ఏ పూట ఎంత వేసుకోవాలో ఆ రోజుకి డాక్టర్‌నే అడిగి కాగితం మీద తెలుగులో రాసివ్వండి. గ్లూకోజ్ పొట్లం, నాలుగు ఖర్జూరాలు సీటు ముందు జేబులో పెట్టుకోమనండి, తల మీద ఉండే అరలో కాదు. సీటు బెల్టు లైటు వెలిగిందంటే లేచి తీసుకోవడానికి ఉండదు.

పచ్చళ్లకొట్టు_అమీర్‌పేట

అక్కా, మాది పచ్చళ్లు, పొడుల వ్యాపారం, రోజూ అమెరికా ప్యాకింగ్ చేస్తుంటాం కాబట్టి సామాను గురించి చెబుతాను.

విమానం పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది. మనం కూర్చునే చోటైనా, కింద సామాను పెట్టే చోటైనా అంతే. చిప్స్ పాకెట్ ఉబ్బడం అందరూ చూసే ఉంటారు. పచ్చడి డబ్బాలో కూడా అదే జరుగుతుంది. పైన ఖాళీ వదిలేసి మూత పెడితే ఆ ఖాళీలో ఉన్న గాలి వ్యాకోచించి నూనెని మూత మరల్లోంచి బయటకి నెడుతుంది. బట్టలన్నీ ఎర్రగా అయ్యేది అందుకే. మేం పచ్చడిని దళసరి కవర్లో పోసి, గాలి మొత్తం లాగేసి వేడితో అతికి, దాని మీద రెండో కవర్ వేసి మళ్లీ అతుకుతాం. ఇంట్లో చేసిన ఆవకాయ తెచ్చినా చాలా కొట్లలో కిలోకి ఇంత అని తీసుకుని ప్యాక్ చేసిస్తారు, కొత్తగా పెట్టిన పచ్చడి అయితే తీసుకురాకండి. ఊట ఇంకా ఊరుతూ ఉంటే గ్యాస్ పుట్టి కవరే ఉబ్బుతుంది. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు సరిచూసి, కాస్త నిలవ ఉంచాక తెండి.

సకినాలకి గాలి లాగొద్దు, లాగితే పొడైపోతాయి. డబ్బాలో నిలువుగా పేర్చి మధ్యలో టిష్యూలు కుక్కి, కదలకుండా మూతపెట్టాలి. గరిజెల్లో పచ్చికొబ్బరి వేయకండి, పుట్నాలు బెల్లం అయితే ఆగుతాయి.

ఇక కుడుకలు. ఇది చాలామందికి తెలీదు, ఎండుకొబ్బరిని విమానంలో ప్రమాదకర వస్తువుల కింద లెక్కేస్తారు. నూనె ఎక్కువ ఉంటుంది కాబట్టి గాలాడని చోట తనంతట తాను వేడెక్కి అంటుకునే అవకాశం ఉందని. స్కానింగ్‌లో గుండ్రంగా కనబడగానే సూట్‌కేసు పక్కకి తీసి పేరు పిలుస్తారు. మొదటిసారి వెళ్లే పెద్దావిడ అంత రాత్రి ఒక్కతే వెళ్లి పెట్టె విప్పుకోవాలి. వద్దక్కా. కర్పూరం కూడా పెట్టనివ్వరు, పూజ సామాన్లలో ఉందేమో చూడండి.

దుబాయ్_అన్న

డల్లాస్‌కి సంబంధం లేదు గానీ ఇది చదివే గల్ఫ్ వాళ్ల కోసం. గసగసాలు ఇక్కడ యూఏఈలో నిషేధం, మత్తుపదార్థాల చట్టం కిందకి వస్తాయి. ఇంట్లో నూరిన మసాలా అయినా, కూర కోసం విడిగా పొట్లం అయినా పంపించొద్దు, జైలు దాకా వెళ్తుంది. బంధువుల సంచి మోసుకొచ్చేవాళ్లు లోపల ఏముందో విప్పి చూసుకునే బయల్దేరండి.

మియాపూర్_అమ్మాయి

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. కుడుకల సంగతి చెప్పగానే అమ్మ మొహం మాడిపోయింది. మరి బియ్యం అయినా తీసుకెళ్లనిస్తారా? అమ్మ ఎంతో ఆశ పెట్టుకుంది, చెల్లి పెళ్లయ్యాక ఒడి నింపడం కుదరనే లేదు.

టెక్సాస్_తెలుగింటి

నేను డల్లాస్ పక్కనే ఉంటాను చెల్లీ, కాబట్టి ఇటు వైపు సంగతి చెప్తా.

బియ్యం కూడా వద్దు. ఇండియా నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం తేవడాన్ని 2011లోనే ఆపేశారు, ఖప్రా బీటిల్ అనే పురుగు ధాన్యంలో దాక్కుని వస్తుందని. అది ఒకసారి గోదాముల్లో చేరితే తిండి లేకుండా కూడా చాలాకాలం బతుకుతుంది, వదిలించడం మహాకష్టం, అందుకే పసుపు కలిపిన ఒడిబియ్యమైనా గుప్పెడంటే గుప్పెడైనా ఊరుకోరు. కరివేపాకు కూడా అంతే. నిమ్మ, నారింజ తోటల్ని చంపేసే తెగులుని మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. పచ్చి మామిడికాయలు, కూరగాయలు, విత్తనాలు, మాంసం పచ్చళ్లు కూడా తీసేసుకుంటారు. శాకాహార పచ్చళ్లు, పొడులు, సకినాల లాంటి పిండివంటలు మాత్రం మామూలుగానే దాటుతాయి.

ముఖ్యమైనది, ఇక్కడ దిగాక కస్టమ్స్‌వాళ్లు ఫుడ్ ఉందా అని అడిగితే 'ఉంది' అనాలి. చెప్పాక కూడా ఏదైనా కుదరదంటే తీసి పడేస్తారు, అంతే, ఫైన్ ఉండదు. లేదని చెప్పి దొరికితే మొదటిసారికే 300 డాలర్లు వేయొచ్చు. అమ్మకి ఇంగ్లీషు రాకపోతే ఒక కాగితం మీద పికిల్, స్పైస్ పౌడర్, ఫ్రైడ్ రైస్‌ఫ్లోర్ స్నాక్స్, స్వీట్స్ అని పెద్దక్షరాల్లో రాసి పాస్‌పోర్టులో పెట్టండి, చూపిస్తే చాలు. ఇంకోటి, విమానంలో ఇచ్చిన ఆపిల్, అరటిపండు తర్వాత తిందాంలే అని సంచిలో వేసుకుంటారు మన పెద్దవాళ్లు. దిగేముందే తినేయాలి లేదా అక్కడే వదిలేయాలి. మిగిలిన చపాతీలు, పులిహోర సంగతీ అంతే.

ఒడి నింపడం మానుకోవద్దు. ఇక్కడ ఇండియన్ స్టోర్లలో సోనామసూరి బియ్యం, కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు అన్నీ దొరుకుతాయి. అమ్మ చీర, రవికె గుడ్డలు, పసుపు కుంకుమ తెస్తే చాలు. చెల్లెల్ని ముందురోజే బియ్యం తెచ్చి పెట్టుకోమనండి, అమ్మ వచ్చి తన చేత్తోనే పసుపు కలుపుతుంది.

రాత్రిబస్సు

పైన ఒకటి రాయలేదు, ఇప్పుడు చెప్తా. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, ఒత్తిడి కూడా తక్కువ, దాంతో నాలుకకి ఉప్పు, తీపి రుచి తగ్గిపోతుంది. చప్పగా ఉందని అమ్మ అటూ ఇటూ తిని వదిలేసే ప్రమాదం ఉంది. పులుపు, కారం కొంచెం గట్టిగా తగిలేలా చేయండి, ఉప్పు పెంచకండి. కడుపులో గ్యాస్ కూడా పైన ఎక్కువవుతుంది, శనగలు, పప్పుతో చేసినవి, కూల్‌డ్రింకులు ఆ రోజుకి వద్దు.

మియాపూర్_అమ్మాయి

జైన్ మీల్ ఇప్పుడే పెట్టించాను, రెండో ఫ్లైట్‌కి నిజంగానే పడలేదు, ఫోన్ చేసి మళ్లీ పెట్టించాల్సి వచ్చింది. అత్తమ్మా, మీరు చెప్పకపోతే చూసుకునేదాన్నే కాదు. కుడుకలు మా పక్కింటావిడకి ఇచ్చేసింది అమ్మ, చెల్లి అక్కడ తెచ్చి పెడతానంది. ఇంకో చిన్న డౌట్, స్టీలు టిఫిన్ బాక్సు, చెంచా చేతి సంచిలో పెట్టనిస్తారా?

కొత్తపేట_అత్తమ్మ

చెంచా పెట్టొచ్చు, కత్తి పెట్టకూడదు. స్టీలు బాక్సు వద్దని ఎవరూ అనరు గానీ స్కానింగ్‌లో లోపల ఏముందో కనబడక విప్పమంటారు, బరువు కూడా. ఆ సంచికి ఏడు కిలోలే కదా. బటర్ పేపర్‌లో చుట్టి పైన ఫాయిల్ వేసి పొట్లాలు కట్టు, ఒక్కోదాని మీద 'దోహా ముందు', 'దోహాలో', 'రెండో విమానం' అని స్కెచ్ పెన్‌తో రాసి సంచిలో అన్నిటికంటే పైన పెట్టు. చెయ్యి తుడుచుకోవడానికి నాలుగు తడి టిష్యూలు కూడా పెట్టమ్మా, ఇన్సులిన్ వేసుకునే ముందు కావాలి.