మౌంట్ చేయడం: ఎక్కించడమా, తగిలించడమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న చిన్న పాఠాలు రాస్తున్నాను. ఫైల్, డిస్క్, డైరెక్టరీ లాంటి మాటల జోలికి పోలేదు. అవి ఎప్పుడో మనవైపోయాయి. 'మౌంట్' దగ్గర మాత్రం రెండు రోజులుగా ఆగిపోయాను.

మౌంట్ చేయడం, అన్‌మౌంట్ చేయడం అని రాసేస్తే పని గడుస్తుంది. కానీ అక్కడ ఏం జరుగుతోందో ఆ మాట కొత్తవాళ్లకి చెప్పదు. విండోస్‌లో కొత్త డిస్క్ పెడితే డి అనో ఈ అనో ఇంకో అక్షరం వస్తుంది. లినక్స్‌లో అలా కాదు, మొత్తం ఒకే చెట్టు. ఏ డిస్క్ అయినా ఆ చెట్టులో అప్పటికే ఉన్న ఒక డైరెక్టరీ దగ్గరికి వచ్చి చేరాలి. ఆ డైరెక్టరీయే మౌంట్ పాయింట్. ఇలా చేరడానికి ఒక క్రియ, ఆ చోటుకి ఒక పేరు కావాలి నాకు.

సంస్కృతం వైపు వెళ్లి 'ఆరోహణ బిందువు' అని రాసి చూశాను. పైకి చదివితే సంగీత పాఠంలా ఉంది. పైగా బిందువు అంటే లెక్కల్లో పొడవూ వెడల్పూ లేనిది. ఇక్కడేమో అది మొత్తం డిస్క్‌లోకి వెళ్లే గుమ్మం. మీరేమంటారు?

జవాబు

ఎక్కించడం, దించడం అనండి. మౌంట్ అన్న మాట పుట్టిందే చేతిపనిలోంచి. పెద్ద కంప్యూటర్ల రోజుల్లో టేపు చుట్టల్ని, డిస్క్ ప్యాక్‌లని మనిషి మోసుకొచ్చి యంత్రానికి ఎక్కించేవాడు. ఐబీఎం 1962లో తెచ్చిన 1311 డ్రైవ్‌లో డిస్క్ ప్యాక్‌ని ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఎక్కించాక, 'ఇదిగో, ఇది ఇక్కడ ఉంది' అని యంత్రానికి చెప్పాలి కదా. లినక్స్‌కి నమూనా అయిన యునిక్స్ ఉంది కదా, 1971 నాటి దాని మొదటి రూపంలోనే మౌంట్ కమాండ్ ఉంది. బరువు మోసే పని పోయింది, మాట మిగిలింది. లారీకి సరుకు ఎక్కిస్తాం, దించుతాం. జంట కూడా చక్కగా కుదిరింది.

జవాబు

పైన చెప్పిన చరిత్ర నిజమేనండీ. కానీ 'ఎక్కించడం' ఇక్కడ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. దానికి కారణం నా సొంత అనుభవం.

కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒక సర్వర్‌లో రూట్ డిస్క్, అంటే ఆ చెట్టు మొదలు ఉండే ప్రధాన డిస్క్, నిండిపోవచ్చింది. కొత్త డిస్క్ పెట్టి, పాత డైరెక్టరీలోని ఫైళ్లన్నీ ముందు దాంట్లోకి కాపీ చేసి, తర్వాత దాన్ని ఆ డైరెక్టరీ దగ్గర మౌంట్ చేయాలని అనుకున్నాం. సాయంత్రం ఫోన్‌లో నా జూనియర్‌ని అడిగాను, "కొత్త డిస్క్ ఎక్కించేశావా?" అని. "ఎక్కించేశానండీ" అన్నాడు. నేను అడిగింది ఫైళ్లు ఎక్కించావా అని. తను చెప్పింది డిస్క్ మౌంట్ చేశానని. ఖాళీ డిస్క్‌ని తీసుకెళ్లి నేరుగా పాత ఫైళ్లున్న డైరెక్టరీ మీదే మౌంట్ చేశాడు.

పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి, ఫైళ్లేవీ కనపడట్లేదని. నేను లాగిన్ అయి చూస్తే డైరెక్టరీ నిజంగానే ఖాళీ. కొత్త డిస్క్‌లో దానంతటదే ఉండే లాస్ట్ ప్లస్ ఫౌండ్ అన్న ఒక్క ఫోల్డర్ తప్ప ఏమీ లేదు. కాపీ అయిపోయిందని నమ్మి ఉన్నాను కాబట్టి, కాపీ చేసినవి కూడా పోయాయేమోనని ఒకటే టెన్షన్. అప్పుడు ఏ డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే రూట్ డిస్క్ ముందున్నంత నిండుగానే ఉంది. కనిపించే ఫైళ్ల సైజు కూడి చెప్పే డీయూతో లెక్కేస్తే మాత్రం అంత బరువు ఎక్కడా తేలట్లేదు. ఆ తేడా చూశాక విషయం అర్థమైంది. పాత ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, కొత్త డిస్క్ చాటున ఉన్నాయి. అన్‌మౌంట్ చేసే కమాండ్ యూమౌంట్ కొట్టగానే అన్నీ మళ్లీ కనిపించాయి.

తప్పు ఆ అబ్బాయిది కాదు, మాటది. ఫోన్‌లో పాటలు ఎక్కిస్తాం, పెన్‌డ్రైవ్‌లో సినిమా ఎక్కిస్తాం, సెలైన్ ఎక్కిస్తాం, పేరు రిజిస్టర్‌లోకి ఎక్కిస్తాం. ఈనాటి వాడుకలో ఎక్కించడం అంటే ఒక చోటున్నదాన్ని ఇంకో చోటులోకి పంపడం. మౌంట్‌లో ఏదీ ఎక్కడికీ కదలదు. డిస్క్‌లో ఉన్నది డిస్క్‌లోనే ఉంటుంది, దారి మాత్రమే తెరుచుకుంటుంది.

అందుకే నా ఓటు 'తగిలించు'కి. గోడకి చిలక్కొయ్య ఉంటుంది, దానికి చొక్కా తగిలిస్తాం. చొక్కా ఉన్నా లేకపోయినా కొయ్య గోడకే ఉంటుంది. మౌంట్ పాయింట్‌గా వాడే డైరెక్టరీ కూడా అంతే, డిస్క్ రాకముందే ఉండాలి, పోయాకా ఉంటుంది. అది లేకుండా మౌంట్ కొడితే అలాంటి చోటే లేదని కంప్యూటర్ మొహం మీదే చెప్పేస్తుంది. ఇంకో సంగతి చూడండి. కొయ్యకి అప్పటికే ఒక చొక్కా ఉండగా దాని మీద కోటు తగిలిస్తే చొక్కా కనపడదు. కోటు తీస్తే మళ్లీ కనపడుతుంది. ఆ సాయంత్రం మా సర్వర్‌లో జరిగింది అచ్చంగా ఇదే. 'ఎక్కించడం' అన్న మాటలో ఈ మరుగుపడే గుణం ఎక్కడా లేదు.

జవాబు

చిలక్కొయ్య పోలిక బాగుందండీ. నేనైతే చెట్టు అన్నారు కదా అని 'అంటు కట్టడం' అందామనుకున్నాను. ఒక చెట్టు కొమ్మని ఇంకో చెట్టుకి కట్టడం, వినడానికి ఎంత దగ్గరగా ఉందో! కానీ అంటు కట్టాక కొమ్మ అక్కడే అతుక్కుని పెరుగుతుంది, తిరిగి విప్పుకునేది కాదు. మీ కథ చదివాక ఆ ఆలోచన మానుకున్నాను.

ఒక్క అనుమానం. తగిలించడానికి వ్యతిరేకం తీసేయడం. పాఠంలో 'డిస్క్ తీసేయండి' అని రాస్తే కొత్తవాళ్లు డిలీట్ చేస్తారు, లేదంటే వైరు పీకేస్తారు. రెండూ ప్రమాదమే.

జవాబు

మంచి మాట అన్నారు. 'దించడం' అందాం. గోడకి తగిలించిన పటాన్ని దించుతాం కదా. దించడానికీ పీకడానికీ తేడా కూడా ఇక్కడే చెప్పొచ్చు. రాయమని మనం పంపిన డేటా కొంతసేపు మెమరీలోనే ఉండిపోవచ్చు. దించమన్నప్పుడు కంప్యూటర్ ముందు దాన్ని డిస్క్ మీద రాసేసి, ఆ తర్వాతే వదులుతుంది. దించకుండా పీకితే ఆ మిగిలిపోయినది పోతుంది.

ఆ కమాండ్ పేరులో 'అన్'లో ఉండాల్సిన ఎన్ అక్షరం లేదని కూడా రాయండి. అన్‌మౌంట్ అని కొడితే అలాంటి కమాండ్ లేదంటుంది, యూమౌంట్ అని కొట్టాలి. మన వ్యాకరణంలో ద్రుతం అంటే నకారమే, అది ఎన్నోచోట్ల లోపిస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్లకి ఈ స్పెల్లింగ్ ఒక్కసారి చెబితే మరి మరిచిపోరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్సండీ. తగిలించడం, దించడం అన్నవి ఖాయం చేసుకున్నాను. మౌంట్ పాయింట్‌కి 'తగిలింపు చోటు' అని ఒకసారి వివరించి, ఆ తర్వాత అందరికీ అలవాటైన మౌంట్ పాయింట్ అనే రాస్తాను. కమాండ్ కొట్టేటప్పుడు వాళ్లకి ఎదురయ్యేది ఆ పేరే కదా.

ఆ క్రియ పెట్టుకుని రాత్రి ఎఫ్‌స్టాబ్ పాఠం మళ్లీ రాశాను. బూట్ అయినప్పుడల్లా ఏ డిస్క్ ఎక్కడ తగలాలో రాసిపెట్టుకునే ఫైల్ అది, ఎట్‌సీ డైరెక్టరీలో ఉంటుంది. ఒక్కో లైన్‌లో ఆరు గళ్లు. ఇన్నాళ్లూ వాటిని బట్టీ పట్టించేవాణ్ని. ఇప్పుడు చూస్తే అది క్రియ రాయకుండా వదిలేసిన తెలుగు వాక్యంలాగే ఉంది! మొదటి గడిలో డిస్క్, దానికి 'ను' చేర్చాలి. రెండో గడిలో డైరెక్టరీ, దానికి 'కి' చేర్చాలి. మూడోది ఏ రకం ఫైల్ సిస్టమ్, నాలుగోది ఏ షరతులతో, ఐదోది డంప్ అనే బ్యాకప్ కావాలా, ఆరోది బూట్‌లో తనిఖీ ఏ వరుసలో. ఇలా చదివించాను:

"ఫలానా యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఉన్న డిస్క్‌ను, డేటా అనే డైరెక్టరీకి, ఈఎక్స్‌టీ4 రకంగా, మామూలు షరతులతో, అది దొరక్కపోయినా బూట్ ఆగకుండా తగిలించు. డంప్ అక్కర్లేదు. తనిఖీ రూట్ డిస్క్ తర్వాత."

'దొరక్కపోయినా' అన్న ముక్కకి ఆ లైన్‌లో ఉండే మాట నోఫెయిల్. చివరి రెండు గళ్లలో సున్నా, రెండు అంకెలు. తనిఖీ గడిలో 1 రూట్‌కి, 2 మిగతావాటికి, అసలు వద్దంటే 0. డిస్క్‌ని ఎస్‌డీబీ అన్న పేరుతో రాయకుండా యూయూఐడీతో ఎందుకు రాయాలో కూడా చేర్చాను. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్నవి దొరికిన వరుసని బట్టి పెట్టే పేర్లు, రీబూట్ అయితే తారుమారు కావచ్చు. యూయూఐడీ ఆ ఫైల్ సిస్టమ్‌తోనే ఉంటుంది, బీఎల్‌కేఐడీ కమాండ్ కొడితే కనిపిస్తుంది.

ఒక్కటి మిగిలింది. దించబోతే 'టార్గెట్ ఈజ్ బిజీ' అని వస్తుందే, దానికి ఏం రాయను? 'లక్ష్యం తీరిక లేకుండా ఉంది' అంటే బాగోదు.

జవాబు

నోఫెయిల్‌ని అంత సులువుగా చెప్పినందుకు చాలా సంతోషమండీ. అది లేకుండా రాసి, ఆ తర్వాత డిస్క్ ఊడదీసి, బూట్ నడిపించే సిస్టమ్‌డీ తొంభై సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతే కంగారు పడ్డవాళ్లని చాలామందిని చూశాను. ఎఫ్‌స్టాబ్ మార్చాక రీబూట్ చేసే ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌కి వెరిఫై ఆప్షన్ ఇచ్చి ఒకసారి సరిచూసుకోమని, ఆ తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నవాటిని తగిలించే మౌంట్ హైఫన్ ఏ కొట్టి చూడమని కూడా రాయండి.

ఇక బిజీ సంగతి. ఆ డిస్క్‌లోని ఏదో ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచిందనో, మన టెర్మినలే ఆ డైరెక్టరీలో కూర్చుని ఉందనో దాని అర్థం. చాలాసార్లు రెండోదే అవుతుంది. డైరెక్టరీ మార్చే సీడీ కమాండ్ కొట్టి బయటికొస్తే సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే ఎవరు పట్టుకున్నారో ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ చెబుతుంది. నేను మా వాళ్లకి 'ఇంకా వాడుకలో ఉంది' అని చెబుతుంటాను. ఇంతవరకూ ఎవరూ అర్థం కాలేదనలేదు.